సంకేతము చదివిన చాలునా?

పెనుకొండ చెంత ఎర్రమంచిలోని కియా కర్మాగారమునుండి 2019లో కార్లు వెలువడసాగినవి. ఇటు హిందూపురము మొదలు అటు ధర్మవరము వరకు ఏ షెడ్డులోనైనను ఇట్టి కొత్త కార్లను బాగుచేయవలెనన్న స్పానరుతోబాటు స్కానరు కూడ కావలసినదే. పరికరము మంచిదే, దానిని వాడు పద్ధతియే విమర్శింపదగినది.

ఇంజనును నడుపు కంప్యూటరు, సెన్సార్ల కొలతలు చూచి పెట్రోలు ఎంత చిమ్మవలెనో నిర్ణయించును. కొలత హద్దు దాటినచో పసుపుపచ్చని దీపము వెలిగించి, ఒక సంకేతమును దాచును. స్టీరింగు క్రింది 16 పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలించినచో ఆ సంకేతము కనబడును. ఓబీడీ-2 అను ఈ ఏర్పాటు అమెరికాలో 1996 నుండియు, మన దేశమున 2013 నుండియు కార్లకు విధియైనది.

'పీ 0171' అను సంకేతమును చూతము. గాలి పాలు హెచ్చినది, లేక పెట్రోలు పాలు తగ్గినది అనుటయే దాని అర్థము. పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో 14.7 రెట్లు గాలి వలయును. మిశ్రమము పలుచబడెనని తెలుపునది ఎగ్జాస్టులోని ఆక్సిజను సెన్సారు. వెంటనే ఆ సెన్సారునే మార్చుట తొందరపాటు. జ్వరము చూపిన థర్మామీటరును మార్చిన జ్వరము తగ్గునా?

అసలు కారణము చీలిన వాక్యూము గొట్టము కావచ్చును. మురికి పట్టిన గాలి సెన్సారో, నీరసించిన పెట్రోలు పంపో కావచ్చును. వీనిని విడదీయు సాధనము స్కానరులోనే కలదు. కంప్యూటరు అదనముగా చేర్చు పెట్రోలు శాతమును 'ఫ్యూయల్ ట్రిమ్' అందురు. గాలిని నేరుగా కొలుచు సెన్సారు గల ఇంజనులో, బండి నిలిచి యున్నపుడు అది +20 శాతముండి, నిమిషమునకు 2500 చుట్లకు పెంచగనే సున్న దరికి వచ్చినచో, గాలి దొంగదారిన చొరబడుచున్నదని ఊహింపవచ్చును. వేగము హెచ్చిన కొలది మొత్తము గాలిలో ఆ రంధ్రపు వాటా స్వల్పమగును గదా! భారము పడినపుడు శాతము పెరిగినచో పెట్రోలు సరఫరాను, గాలి సెన్సారును పరీక్షింపవలెను.

పరీక్షకు ముందే సంకేతమును చెరిపివేయుట మరియొక దోషము. తప్పు దొరలిన క్షణమున ఇంజను వేగము, వేడి, భారము ఎంతయో చూపు 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడ దానితో పోవును. దీపము ఆరును, రోగము నిలుచును, యజమాని సొమ్ము మాత్రము ఖర్చగును.

పట్టుచీరలో లోపము కనబడినపుడు ధర్మవరపు నేతగాడు మగ్గమును మార్చడు. తెగిన పోగును వెదకును. స్కానరు చెప్పునది సాక్ష్యము; తీర్పు చెప్పవలసినవాడు మెకానిక్కు. కనుక శిక్షణాలయములలో సంకేతముల పట్టికకంటె ముందు ఇంజను శాస్త్రమును తేట తెలుగున బోధించుట అవసరము.