తెగిన పోగుకు ముడి

భివండి పద్మనగర్‌లో సాంచాలు (మరమగ్గాలు) నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. పనంతా కళ్లతో, వేళ్లతోనే. పడుగులో ఒక్క పోగు తెగితే చాలు, కార్మికుడు సాంచా ఆపుతాడు. వేల పోగుల్లో ఆ కొసను వెతికి పట్టుకుంటాడు. చిన్న దారం ముక్క అతికి, బొటనవేలి కింద తిప్పి ముడి వేస్తాడు. ముడి లావైతే పన్నె సందులో చిక్కి మళ్లీ తెగుతుంది. అందుకే అది గింజంత కూడా ఉండదు. ఆ ముడిని చూసిన ప్రతిసారీ నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ ముడి నాకు ఒక సినిమాను గుర్తుచేస్తుంది. మకోతో షింకాయ్ 2016లో తీసిన జపాన్ యానిమేషన్ సినిమా 'యువర్ నేమ్'లో ఒక గుడి కుటుంబపు అవ్వ మనవరాళ్లకు దారాలు అల్లడం నేర్పుతుంది. దారాన్ని కలపడం, మనుషులు కలవడం, కాలం సాగడం అన్నీ 'ముసుబి' అంటుంది. ఆ మాటకు ముడి అనే అర్థం ఉంది. అదే ఉచ్చారణతో సృష్టిశక్తి అనే అర్థమూ ఉంది. 712 నాటి 'కొజికి'లోని ఆదిదేవతల పేర్లలోనూ ఆ మాట వినిపిస్తుంది. తోకచుక్క ముక్క పడి చనిపోయిన అమ్మాయి ఆ కథలో మళ్లీ బతుకుతుంది; అందులో కాలం దాటి మనుషుల్ని కలిపే గుర్తు ఒక అల్లిక దారమే.

మన పద్మశాలీల మూలపురుషుడు మార్కండేయుడూ పదహారేళ్లకే రావలసిన చావును దాటినవాడే. ఆయన కొడుకు భావనారుషి తామర తూడు నారతో దేవతలకు బట్ట నేశాడంటారు. తెలంగాణ నుంచి భివండి చేరిన నేతకుటుంబాలు ఆ కథను వెంట తెచ్చుకున్నాయి.

ముడి పడింది. మిగిలిన కొస కత్తిరించి, కార్మికుడు సాంచా మళ్లీ నడిపాడు.