పచ్చ బటన్ నుంచి రియాక్టర్ దాకా

బోరు మోటారు స్టార్టరు మూత తీసి చూసిన రైతుకు లాడర్ లాజిక్ సగం వచ్చినట్టే. పచ్చ బటన్ నొక్కి వేలు తీసేస్తాం, అయినా మోటారు ఆగదు. కాయిల్ లాగగానే ఒక చిన్న కాంటాక్టు మూసుకుని, బటన్ వదిలేసిన కరెంటు దారిని తాను పట్టుకుంటుంది. ఎర్ర బటన్ నొక్కినా, కరెంటు పోయినా ఆ పట్టు వీడుతుంది. ఎలక్ట్రీషియన్లు దీన్ని హోల్డింగ్ అంటారు. హైదరాబాద్ శివారు కాజీపల్లి మందుల ఫ్యాక్టరీల ప్యానెళ్లలో నడిచే ప్రోగ్రాములకు ఓనమాలు ఇవే.

సాఫ్ట్‌వేర్ అనగానే మనకు గచ్చిబౌలి గుర్తొస్తుంది. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వరసలో సేఫ్టీ బూట్లు వేసుకుని ప్రోగ్రాములు రాసేవాళ్లు ఉన్నారని ఎవరికీ తట్టదు. వాళ్లను ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు అంటారు. వాళ్ల భాషే లాడర్ లాజిక్, అంటే నిచ్చెన. దాన్ని టైపు చెయ్యరు, గీస్తారు. ఎడమన ఒక నిలువు గీత, కుడిన ఒకటి, మధ్యలో మెట్లు. మెట్టు మీద ఎడమ నుంచి షరతులు, చివర కాయిల్. షరతులన్నీ కుదిరితేనే కాయిల్‌కు కరెంటు అందుతుంది.

1968లో అమెరికాలో డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 అనే పీఎల్‌సీకి (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) రూపం ఇచ్చింది. అప్పట్లో కార్ల ఫ్యాక్టరీల్లో మోడల్ మారినప్పుడల్లా రిలే ప్యానెళ్ల వైరింగు ఊడదీసి మళ్లీ కట్టాల్సి వచ్చేది. వైర్ల బదులు ప్రోగ్రాము వచ్చింది కానీ, ఎలక్ట్రీషియన్‌కు అలవాటైన బొమ్మ మాత్రం మారలేదు. నా దృష్టిలో ఆ యంత్రం కన్నా ఈ మర్యాదే గొప్పది. 1993లో వచ్చిన ఐఈసీ 61131-3 ప్రమాణం ఐదు భాషలను గుర్తించింది. లెక్కలు ఎక్కువున్న చోట పాస్కల్‌ను పోలిన స్ట్రక్చర్డ్ టెక్స్ట్ హాయి. ఒక షరతు కుదరనిదే పని నడవనివ్వని ఇంటర్‌లాకులకు మాత్రం నిచ్చెనే.

పీఎల్‌సీ ఇన్‌పుట్లు చదువుతుంది, మెట్లను పైనుంచి కిందికి లెక్క కడుతుంది, అవుట్‌పుట్లు రాస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని మిల్లీసెకన్లకో చుట్టు. ఒకే కాయిల్‌ను రెండు మెట్ల మీద రాస్తే కింది మెట్టు మాటే నెగ్గుతుంది, అందుకే ఒక కాయిల్‌కు ఒకే మెట్టు అని పాతవాళ్లు నేర్పుతారు.

ఇక రియాక్టర్ దగ్గరికొద్దాం. వేడి పుట్టించే రియాక్షన్లో రసాయనాన్ని పైనుంచి కొద్దికొద్దిగా వదులుతారు, చుట్టూ ఉన్న జాకెట్‌లో బ్రైన్ (చల్లటి ఉప్పు ద్రావణం) తిరుగుతూ వేడిని లాగేస్తుంటుంది. మధ్యలో కలియబెట్టే ఎజిటేటర్ ఆగిపోయిందనుకోండి. వదిలిన సరుకు కలవకుండా పేరుకుంటుంది. మళ్లీ తిప్పగానే అంతా ఒక్కసారిగా రగిలే ప్రమాదం ఉంది. అందుకే రసాయనం వదిలే వాల్వు మెట్టు మీద మూడు షరతులు వరసగా ఉంటాయి: ఎజిటేటర్ తిరుగుతోంది, బ్రైన్ పారుతోంది, వేడి హద్దులో ఉంది. ఏ ఒక్కటి తప్పినా వాల్వు మూసుకుంటుంది. నేర్పరి ఇక్కడ మోటారుకిచ్చిన ఆజ్ఞను నమ్మడు, కప్లింగ్ తెగినా మోటారు తిరుగుతుంది కదా. షాఫ్టు దగ్గరే సెన్సార్ పెడతాడు.

ఎమర్జెన్సీ స్టాప్‌ను ప్రోగ్రాము ఒక్కదాని మీదే వదలరు, వైరుతోనూ కడతారు. అదీ మామూలుగా మూసి ఉండే కాంటాక్టుతో. ఎలుక వైరు కొరికినా యంత్రం ఆగుతుంది. తెరిచి ఉండే కాంటాక్టు పెడితే, వైరు తెగిన సంగతి అవసరం పడ్డ రోజే బయటపడుతుంది.

ఆగడం ఒక ఎత్తు, మళ్లీ మొదలవడం మరో ఎత్తు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో మన రైతులు, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు, రాత్రిపూట పాములున్న చేలో నడిచే బాధ తప్పింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, నీళ్లు వృథా అవుతున్నాయని ఆ స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వమే కోరింది. రియాక్టర్ దగ్గర ఆ సౌకర్యం ప్రాణాంతకం. కరెంటు పోతే హోల్డింగ్ వీడాలి, తిరిగొచ్చాక మనిషి వచ్చి, వేడి చూసి, బటన్ నొక్కాలి.

అర్ధరాత్రి రెండింటికి బ్యాచ్ ఆగితే షిఫ్ట్ ఎలక్ట్రీషియన్ ల్యాప్‌టాప్ తగిలిస్తాడు. కరెంటు పారుతున్న దారి తెర మీద రంగుతో వెలుగుతుంది, ఏ కాంటాక్టు దగ్గర తెగిందో అక్కడే ఆగుతుంది. ప్రోగ్రాము రాసినవాణ్ణి నిద్రలేపే పని లేదు. అదే తెర మీద ఆ కాంటాక్టును ఫోర్స్ చేసి, అంటే బలవంతంగా మూసినట్టు చూపించి, ముందుకు పోయే వీలూ ఉంది. పరీక్షకు తప్పదు గానీ, తీసెయ్యడం మరిచిపోతే ఇంటర్‌లాకు బొమ్మలో ఉంటుంది, పని చెయ్యదు. అందుకే మంచి ప్లాంటులో ఇలాంటి బైపాస్‌లకో రిజిస్టరు ఉంటుంది. ఏ ట్యాగు, ఎందుకు, ఎవరి అనుమతితో, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు. పొద్దున వచ్చే షిఫ్టు టీ కన్నా ముందు ఆ పేజీ తిరగేస్తుంది.