అతుకు పైన నాలుగు ముక్కలు

పాత సీ లైబ్రరీలను కొత్త మ్యాక్‌ల మీద బిల్డ్ చేసేవాళ్లకి 2014లో ఓ వింత తలనొప్పి పట్టుకుంది. ఎర్రర్ రాదు, బిల్డ్ ఆగదు, లైబ్రరీ తయారవుతుంది. కానీ నడిపితే ఎక్కడ కూలుతుందో చెప్పలేం.

దోషం లైబ్రరీలు కట్టే సాధనం లిబ్‌టూల్‌లోని ఒక్క వరుసది: 10.[012]*. మ్యాక్ 10.0, 10.1, 10.2లను గుర్తుపట్టడానికి రాసిన వరుస అది. చుక్క తర్వాత 0 గానీ 1 గానీ 2 గానీ ఉండాలి, ఆపైన ఏమున్నా సరే. అప్పుడే వచ్చిన వెర్షన్ 10.10. చుక్క పక్కన 1 ఉంది కదా! దాన్ని 2001 నాటి 10.1 అనుకుని ఫ్లాట్ నేమ్‌స్పేస్ అనే పాతకాలపు లింకింగ్ అంటగట్టింది. ఆ పద్ధతిలో ఏ ఫంక్షన్ ఏ లైబ్రరీదన్న పట్టింపు ఉండదు, పేరు కలిస్తే చాలు.

దిద్దుబాటు చిన్నదే. అంకె తర్వాత చుక్కో కామానో ఉండి తీరాలన్నారు. 2015 నాటి 2.4.6లో అది ఉంది. అయినా తలనొప్పి పోలేదు. లిబ్‌టూల్ తర్కం ప్రతి ప్రాజెక్టు కాన్ఫిగర్ స్క్రిప్టులోకీ కాపీ అయిపోతుంది. 2011లో కట్టిన టార్‌బాల్‌లో 2011 నాటి బగ్ భద్రంగా ఉంటుంది. పుండొకచోట, మందొకచోట.

ఆటోరీకాన్ఫ్‌తో స్క్రిప్టును కొత్తగా పుట్టించమంటారు పెద్దలు. మంచి సలహానే. కాకపోతే కొత్త ఆటోకాన్ఫ్‌కి పాత ప్రాజెక్టు భాష మింగుడుపడదు. పోనీ ఎంఫోర్ ఫైల్లో ప్యాచ్ వేద్దామా? ఫైలు తేదీ మారుతుంది, కాన్ఫిగర్ పాతబడిందనుకుని మేక్ ఎప్పటిదో ఆటోమేక్ 1.11 కోసం వెతుకుతుంది. అందుకే నేను నేరుగా కాన్ఫిగర్‌లోనే ఒక సెడ్ వరుసతో సరిచేస్తాను. ఇది నీటైన పని కాదని వాదించేవాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్లకి తీరిక ఎక్కువ!

పేచీ అల్లా వివరం లేని అతుకుతోనే. 2020లో మ్యాక్ 11 వచ్చినప్పుడు ఈ వరుసల దగ్గరే మళ్లీ దెబ్బ తగిలింది. లోపలి డార్విన్ వెర్షన్ 20 అయింది. లిబ్‌టూల్ చూసేది 9తోనో 1తోనో మొదలయ్యే అంకెల్ని. మళ్లీ ఫ్లాట్ నేమ్‌స్పేస్! దీని దిద్దుబాటుతో 2.4.7 వెలువడింది 2022లో. ఈలోగా పాత సెడ్ వరుసలు తెరిచి చూస్తే, ఏది దేనికి వేశారో రాసిపెట్టినవాళ్లు తక్కువ. ఏ బగ్, ఏ వెర్షన్‌లో పోయింది, ఎప్పుడు తీసేయొచ్చు అని పైన ఒక కామెంట్ ఉంటే పూటలో తేలే పని. అది లేక ముట్టుకోడానికే భయం.

మీ బిల్డ్ స్క్రిప్టుల్లోనూ అలాంటి అనాథ వరుసలుంటాయి. ఈ వారం ఒకటి తీసేసి బిల్డ్ చేయండి. అంతా సవ్యంగా ఉంటే మళ్లీ పెట్టకండి. విరిగితే, ఎందుకు విరిగిందో దాని పైనే రాయండి, అసలు ప్రాజెక్టువాళ్లకీ పంపండి.