చెయ్యి కనబడాలి

1927 డిసెంబరు 3న డల్లాస్‌లో బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే చూపులేని గాయకుడు ఒక రికార్డు ఇచ్చాడు. అందులో మాటలు లేవు. మూలుగులాంటి గొంతు, దాన్ని వెన్నంటి నడిచే గిటార్, అంతే. ‘డార్క్ వాజ్ ద నైట్, కోల్డ్ వాజ్ ద గ్రౌండ్’ అనే ఆ రికార్డు 1977లో వాయేజర్ నౌకలెక్కి అంతరిక్షంలోకి వెళ్లింది. దాన్ని ఆయన తీగల మీద దేన్ని జార్చి వాయించాడన్నది మాత్రం ఈ నాటికీ వాదనే. జేబుకత్తి అంటారు కొందరు, సీసా మెడ అంటారు ఇంకొందరు. ఆయన ఫొటో అంటూ మిగిలింది ఒక్కటే. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ సంగతీ ఇంచుమించు అంతే. 1936, 37లలో 29 పాటలు రికార్డు చేసి ప్రపంచంలోని గిటారిస్టులందరికీ గురువైపోయిన ఆ మనిషి వాయిస్తుండగా తీసిన ఫిల్ము ఒక్క ముక్క కూడా లేదు.

పాట మిగిలింది, చెయ్యి పోయింది. తీగల్ని వేళ్లతో నొక్కకుండా వాటి మీద గొట్టమో కత్తో జార్చి వాయించే స్లైడ్ గిటార్ విషయంలో ఇది చాలా పెద్ద నష్టం. ఎందుకంటే ఈ వాద్యంలో విద్య అంతా చేతి కదలికలోనే ఉంది. ఆ కదలికలో సగం పని శబ్దాన్ని పుట్టించడం కాదు, శబ్దాన్ని ఆపడం. ఆపిన శబ్దం రికార్డులో ఎలా వినబడుతుంది? అందుకే ఇవాళ ఇంట్లో ఫోను పెట్టుకుని తన వాయింపును చిత్రించే ప్రతి స్లైడ్ వాద్యకారుడూ ఈ సంప్రదాయానికి అవసరమైన పని చేస్తున్నాడని నా నమ్మకం. శ్రద్ధగా తీస్తేనే సుమా.

ఈ వాయింపుకు రెండు పుట్టిళ్లు చెబుతారు. హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే వాద్యకారుడు పంతొమ్మిదో శతాబ్ది చివర్లో గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని తీగల మీద ఉక్కు కడ్డీ జార్చాడు. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి పిల్లలు గోడకు మేకులు కొట్టి, ఒంటి తీగ బిగించి, దాని మీద సీసా జరుపుతూ చెవిని పదును పెట్టుకునేవారు. 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌విలర్ రైల్వే స్టేషన్‌లో ఒక మనిషి కత్తిని తీగలకు ఆనించి వాయిస్తుంటే విన్నానని సంగీతకర్త డబ్ల్యు.సి. హ్యాండీ ఆత్మకథలో రాసుకున్నాడు. బ్లూస్ గాయకుడు ఫ్రెడ్ మెక్‌డొవెల్ ఎద్దు పక్కటెముకతో చేసిన గొట్టంతో కూడా వాయించాడు, తర్వాత గాజుకు మారాడు.

మిసిసిపీ పద్ధతిలో గిటార్‌ను మామూలుగానే పట్టుకుంటారు. ఎడమచేతి చిటికెన వేలికో ఉంగరపు వేలికో గాజు గొట్టం గానీ ఇత్తడి గొట్టం గానీ తొడుక్కుని తీగల మీద ఆనిస్తారు. నొక్కరు. నొక్కితే తీగ వెళ్లి ఫ్రెట్‌కు, అంటే మెడ మీది లోహపు మెట్టుకు, కొట్టుకుని టకటకమంటుంది. మామూలు గిటార్‌లో వేలు రెండు ఫ్రెట్ల నడుమ ఎక్కడ పడ్డా స్వరం ఇంచుమించు ఒకటే. ఇక్కడ అలా కాదు. గొట్టం సరిగ్గా ఫ్రెట్ కడ్డీకి నిట్టనిలువుగా పైన నిలవాలి, దానికి సమాంతరంగా ఉండాలి. వెంట్రుకవాసి జరిగితే అపశ్రుతే.

తీగల శ్రుతి కూడా వేరు. ‘ఓపెన్ జి’ అనే అమరికలో లావు తీగ నుంచి సన్న తీగ వరకు డి, జి, డి, జి, బి, డి. జి ని షడ్జం అనుకుంటే మనవాళ్ల చెవికి ఇది ప స ప స గ ప. ఏ తీగా నొక్కకుండా మీటినా నిండుగా మోగుతుంది. ఇప్పుడు మూడో తీగ చూడండి. అది షడ్జం. దాని మీద మూడో ఫ్రెట్ దగ్గర సాధారణ గాంధారం, నాలుగో ఫ్రెట్ దగ్గర అంతర గాంధారం పలుకుతాయి. బ్లూస్ వాయించేవాడికి కావలసిన గాంధారం చాలాసార్లు ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. గొట్టం మూడు దాటి, నాలుగు చేరకుండా, ఆ సందులో ఎక్కడో నిలిచి కొద్దిగా వణుకుతుంది. ఎక్కడ నిలిచింది? ఎంత వణికింది? నేర్చుకునేవాడు అడిగేది అదే. వీడియో జవాబు చెప్పాల్సిందీ దానికే.

కెమెరాను గిటార్ తల వైపు నుంచి ఏటవాలుగా పెడితే బొమ్మ అందంగా వస్తుంది, కానీ అబద్ధం చెబుతుంది. స్లైడ్ కోసం తీగల్ని కాస్త ఎత్తుగా అమర్చుకుంటారు కాబట్టి గొట్టానికీ ఫ్రెట్‌కూ మధ్య జాగా ఉంటుంది. పక్క నుంచి చూస్తే మూడున్నర దగ్గరున్న గొట్టం మూడు మీదో నాలుగు మీదో ఉన్నట్టు కనిపిస్తుంది. కెమెరా కన్ను ఫ్రెట్ బోర్డుకు ఎదురుగా, ఎడమచెయ్యి ఎక్కువగా తిరిగే చోటికి సూటిగా ఉండాలి. ముఖం ఫ్రేములో పడకపోతే పోనివ్వండి. గొట్టం వెనక, అంటే తల వైపున్న తీగ భాగం కూడా తనంతట తాను మోగి పాటను పాడు చేస్తుంది. చూపుడు వేలు, మధ్య వేలు దాని మీద మెత్తగా వాల్చి ఆ మోతను అణుస్తారు. కుడిచెయ్యి కూడా తీగను మీటిన మరుక్షణం పక్క తీగల నోరు మూయిస్తుంది. ఈ రెండూ కనబడని వీడియో స్లైడ్ పాఠం కాదు.

ఫోను ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. కుడిచేతివాటం వాడు ఎడమచేతివాటం వాడిలా కనిపిస్తాడు. వెనక కెమెరా వాడటమే మేలు. వెలుతురు పక్క కిటికీ నుంచి రావాలి. ఎదుటి నుంచి దీపం పడితే గాజూ ఇత్తడీ తళుక్కుమని అసలు చోటునే కప్పేస్తాయి. రాత్రి బల్బుల కింద తీయక తప్పకపోతే, మన కరెంటు 50 హెర్ట్జ్ గనక షట్టర్ వేగం సెకనులో వందో వంతు పెట్టుకుంటే బొమ్మ మిణుకుమిణుకుమనదు. ఫ్రేములు సెకనుకు 50 లేదా 60 ఉంటే, చూసేవాడు వేగం తగ్గించుకున్నప్పుడు కూడా గొట్టం వణుకు విడివిడిగా కనిపిస్తుంది. తీగలు పాముల్లా మెలికలు తిరిగినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. ఫోను సెన్సర్ బొమ్మను వరస తర్వాత వరసగా చదవడం వల్ల వచ్చే వికారం అది.

అయితే బొమ్మ కన్నా శబ్దం దగ్గరే ఎక్కువ అన్యాయం జరుగుతోంది. ఫోను తన ఇష్టప్రకారం శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. స్వరం సన్నగిల్లుతుంటే బలవంతంగా ఎత్తి పట్టుకుంటుంది, లేదా ఆ సన్నని తోకను గోల అనుకుని కత్తిరించేస్తుంది. వాద్యకారుడు ఎంతో ఓర్పుగా ఆర్పిన స్వరం అలా సర్వనాశనమవుతుంది. ఆ సదుపాయాల్ని ఆపేసే యాప్ వాడండి, లేదా వేరే రికార్డరును అడుగు దూరంలో, గిటార్ మెడ ఒంటిని కలిసే చోటికి గురిపెట్టండి. సౌండ్ హోల్‌కు ఎదురుగా పెడితే గుమ్ముమంటుంది. మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొడితే శబ్దాన్నీ బొమ్మనూ తర్వాత అతికించుకోవడం తేలిక. ఫ్యాను ఆపండి. ప్రతిధ్వని మాత్రం కలపకండి. అది కచేరీకి సొంపేమో గానీ, ఏ తీగ ఎప్పుడు ఆగిందో తెలియనివ్వదు.

వాయించే ముందు ఒక్కో తీగనూ విడిగా మీటి శ్రుతి వినిపించాలి. గొట్టం గాజుదో ఇత్తడిదో, ఏ వేలికి తొడిగారో చూపించాలి. తర్వాత ఆ పాటనే ఒకసారి నెమ్మదిగా, ఒకసారి అసలు వేగంలో, మధ్యలో కత్తిరింపు లేకుండా వాయించాలి. నెమ్మదిగా వాయించేటప్పటి చెయ్యి వేగంగా వాయించేటప్పటి చెయ్యి కాదు. జారు ఎక్కడ మొదలైందన్నది వేగంలోనే తెలుస్తుంది. కత్తిరించి అతికిన వీడియోలో గొట్టం ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా చేరిందో మాయమైపోతుంది.

ఈ మాటలు మిసిసిపీ గిటార్‌కే కాదు. హవాయి పద్ధతి మన దేశానికి వచ్చి బ్రిజ్ భూషణ్ కాబ్రా, విశ్వమోహన్ భట్ చేతుల్లో రాగాలు పలికింది. భట్, అమెరికన్ గిటారిస్టు రై కూడర్ కలిసి చేయగా 1993లో వెలువడిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’ ఆల్బం గ్రామీ తెచ్చుకుంది. అంతకన్నా మనకు దగ్గరిది గోటువాద్యం, అంటే చిత్రవీణ. త్యాగరాజ కీర్తనల్ని మెట్లే లేని దండి మీద కర్ర దిమ్మెతో పలికించే వాద్యం అది. ఫ్రెట్టే లేనిచోట దిమ్మె ఎక్కడ నిలిచిందో చెప్పే గుర్తేదీ ఉండదు కాబట్టి అక్కడ కెమెరా బాధ్యత ఇంకా పెద్దది. ఒళ్లోనో నేల మీదో వెల్లకిలా ఉండే వాద్యాలకు కెమెరా ఎదురుగా పనికిరాదు. తల మీద నుంచి నిట్టనిలువుగా కిందికి చూడాలి. స్టాండు లేకపోతే రెండు కుర్చీల వీపుల మీద కర్ర అడ్డం వేసి ఫోను కట్టినా సరిపోతుంది. చిత్రవీణ వాయించేవాళ్లు ఎక్కువమంది లేరు. ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి నేర్చుకుంటున్న శిష్యులు, గురువుగారి అనుమతితో, తోడి రాగంలో ఒక్క గాంధారాన్నయినా ఈ పద్ధతిలో చిత్రించి దాచిపెట్టుకోవాలి.