కణితి చుట్టుపక్కల

పెద్దపేగు క్యాన్సర్ మీద తెలుగులో వచ్చే పుస్తకాలు చాలావరకు ఏం తినాలి, ఏం తినకూడదు, ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలి అని చెప్పేవే. అవీ కావలసినవే. అయితే పేగు గోడలో పుట్టిన నలుసంత కణితికి నెత్తురు ఎక్కడి నుంచి అందుతుంది, కొత్త రక్తనాళాలను రమ్మని పిలిచేదెవరు, ఆ పిలుపు ఒకచోట గట్టిగా, మరోచోట నీరసంగా ఎందుకుంటుంది అన్న ప్రశ్నలు వేసుకుని ఓపికగా జవాబులు వెతికిన తెలుగు పుస్తకం నా కంటపడటం ఇదే మొదలు. రాసిన అమ్మాయి నా దగ్గర పాథాలజీ చదువుకుంది. శిష్యురాలని నాలుగు మంచి మాటలు రాస్తున్నానని అనుకోవద్దు. రాతప్రతి ఆసాంతం చదివి, అంచుల్లో ప్రశ్నలు రాసి తిప్పి పంపాను. వాటికి జవాబులు నాకు ఉత్తరంలో రాయలేదు. పాఠకుడికే కనిపించేట్టు అధ్యాయాలు తిరగరాసింది. అప్పుడే ఈ ముందుమాటకు ఒప్పుకున్నాను.

మొదటి అధ్యాయం అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్‌తో మొదలుపెట్టడం సరైన పని. 1960ల తొలినాళ్లలో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేస్తూ, దేహం నుంచి తీసి గాజుపాత్రలో బతికించి ఉంచిన థైరాయిడ్ గ్రంథిలోకి ఆయన క్యాన్సర్ కణాలు ఎక్కించాడు. కణితులు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగి ఆగిపోయాయి. అవే కణితులను ఎలుకలో పెడితే విజృంభించాయి. 1971లో ఆయన, కొత్త రక్తనాళాలు రాకుండా కణితి పెరగదని, వాటిని ఆపగలిగితే అదే వైద్యం అవుతుందని రాశాడు. చాలామంది నమ్మలేదు. ఆ మరుసటి ఏడు ఆయన బృందం చేసిన కుందేలు కంటి ప్రయోగాన్ని రచయిత్రి రెండు పేజీల్లో వర్ణించింది. కంటి ముందుభాగంలోని నీటిలో తేలుతున్న కణితి ముక్క మిల్లీమీటరు కూడా దాటకుండా నిద్రాణంగా ఉండిపోయింది. దాన్నే కంటిలోని రంగుపొర ఐరిస్‌కు ఆనించి పెడితే నాళాలు లోపలికి వచ్చేశాయి, కణితి వేల రెట్లు పెరిగింది. కణం అదే, కన్ను అదే, మారింది చోటు మాత్రమే. పుస్తకమంతటికీ ఇదే ఆయువుపట్టు.

నేను బోధించిన రోజుల్లో కణితిని విడిగా చూడటమే అలవాటు. ఏ జన్యువు చెడింది, కణం ఎంత వికారంగా ఉంది, గోడలో ఏ పొరదాకా దిగింది, ఇవే అడిగేవాళ్లం. ఈ పుస్తకం చూపును పక్కకు తిప్పుతుంది. రక్తనాళాలను గుర్తుపట్టే సీడీ31 యాంటీబాడీతో రంగు వేసిన పెద్దపేగు క్యాన్సర్ స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టండి. క్యాన్సర్ గ్రంథుల నడిమధ్యన చచ్చిపోయిన కణాల చెత్త పోగుపడి ఉంటుంది. అక్కడ నాళాలు ఉండవు. కణితి ఆరోగ్యమైన గోడలోకి చొచ్చుకుపోతున్న అంచున మాత్రం సన్నటి గోధుమరంగు గీతలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. మేం హాట్‌స్పాట్ అని లెక్కపెట్టేది అక్కడే. ఆ అంచున క్యాన్సర్ కణాలు ఒంటరిగా ఉండవు. పీచు అల్లే ఫైబ్రోబ్లాస్టులు, చెత్త మింగే మాక్రోఫేజులు, కొల్లాజెన్ పోగులు, వాపు తెచ్చిన తెల్లకణాలు, అందరూ అక్కడే ఉంటారు. పిలుపు వినిపించేది ఈ గుంపులోంచి.

ఆ పిలుపులో ముఖ్యమైనది వీఈజీఎఫ్ అనే ప్రొటీన్. దాన్ని పుట్టించే కారణాల్లో మొదటిది ఊపిరాడకపోవడం. నాళానికి నూరు, నూటయాభై మైక్రాన్ల దూరం దాటితే కణానికి ఆక్సిజన్ సరిగా అందదు. ఆక్సిజన్ ఉన్నంతసేపూ కణం హిఫ్ అనే ప్రొటీన్‌ను తయారుచేసిన కొద్ది నిమిషాల్లోనే తానే విరిచి పారేస్తుంది. ఆక్సిజన్ తగ్గగానే ఆ విరిచే పని ఆగిపోతుంది. హిఫ్ కేంద్రకంలోకి వెళ్లి వీఈజీఎఫ్ జన్యువును లేపుతుంది. చనిపోయిన భాగాన్ని ఆనుకుని ఉన్న కణాల్లో వీఈజీఎఫ్ ఎక్కువగా కనిపించేది ఇందుకే. ఈ ఆక్సిజన్ పసిగట్టే ఏర్పాటును విప్పి చెప్పినందుకే కేలిన్, ర్యాట్‌క్లిఫ్, సెమెన్జాలకు 2019లో నోబెల్ వచ్చింది. ఈ భాగం చదివితే ఇంటర్ బైపీసీ పిల్లలకు కూడా సులువుగా అర్థమవుతుంది.

ఆక్సిజన్‌తోనే కథ అయిపోలేదని రచయిత్రి గట్టిగా చెప్పడం నాకు నచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌లో వాపును నడిపే కాక్స్-2 ఎంజైము తరచుగా ఎక్కువగా ఉంటుంది. అది ఎక్కువగా ఉన్న పెద్దపేగు క్యాన్సర్ కణాలను రక్తనాళ కణాల సరసన పెంచితే, ఆ నాళకణాలు కదిలి గొట్టాలు కట్టడం మొదలుపెట్టాయి. ఆస్పిరిన్ ఆ పనిని తగ్గించింది. 1998లో సెల్ పత్రికలో వచ్చిన పని ఇది. అదే ఏడు అదే పత్రికలో బోస్టన్ నుంచి రాకేశ్ జైన్ బృందం మరో విశేషం చూపించింది. వీఈజీఎఫ్ జన్యువు మేల్కొన్న చోటల్లా ఆకుపచ్చగా మెరిసేట్టు ఎలుకలను తయారుచేసి, వాటిలో కణితులు పెట్టారు. మెరిసింది కణితి చుట్టూ చేరిన ఎలుక సొంత ఫైబ్రోబ్లాస్టులు! రోగి దేహమే కణితికి నాళాలు పిలిచిపెడుతోందన్న మాట. ఈ మాట రాసేటప్పుడు రచయిత్రి రోగిని నిందించే ధోరణి దరిచేరనివ్వలేదు. క్యాన్సర్ వచ్చినవాళ్లకు మనం అంటగట్టే అపరాధభావం ఎంత బరువో ఆమెకు తెలుసు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం చోటు గురించినది. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది వివరాలు పరిశీలించి, వ్యాప్తి యాదృచ్ఛికం కాదని, విత్తనానికి తగిన నేల దొరికితేనే మొలుస్తుందని అన్నాడు. దాదాపు నూరేళ్ల తర్వాత హ్యూస్టన్‌లో ఐజాయా ఫిడ్లర్ దాన్ని పెద్దపేగు క్యాన్సర్ మీదే పరీక్షించాడు. మనిషి పెద్దపేగు క్యాన్సర్ కణాలను ఎలుక చర్మం కింద పెడితే అక్కడే గడ్డ కట్టాయి, పాకడం అరుదు. వాటినే ఎలుక పేగు గోడలో పెడితే కాలేయానికి చేరాయి. ప్రయోగశాలల్లో ఎన్నో మందులను చర్మం కింద గడ్డల మీద పరీక్షించి ఆశపడటం, తర్వాత మనుషుల్లో నిరాశపడటం వెనక ఈ సంగతి కూడా ఉందని ఆమె రాసింది. నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

కాలేయానికి చేరిన కణితులైనా అన్నీ ఒకేలా ప్రవర్తించవు. కొన్ని చుట్టూ దట్టమైన పీచుకణజాలం కట్టుకుని కొత్త నాళాలు మొలిపించుకుంటాయి. మరికొన్ని ఏ నాళాన్నీ పిలవవు. కాలేయకణాలను తోసేసి వాటి వరుసల్లోనే కూర్చుని, అంతకుముందే ఉన్న నాళాలను వాడుకుంటాయి. 2016లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన, ఈ రెండో రకం వాళ్లకు వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందు అంతగా పనిచేయలేదని చూపింది. పిలుపే లేనిచోట పిలుపును నొక్కే మందు ఏం చేస్తుంది? శస్త్రచికిత్సలో తీసిన కాలేయపు ముక్క అంచును పాథాలజిస్టు మరికాస్త శ్రద్ధగా చూసి నివేదికలో రాయాలని ఆమె కోరింది. మా వృత్తివాళ్లు ఆ పేజీ తప్పక చదవాలి.

మందు గురించి రాసిన అధ్యాయంలో అతిశయోక్తి ఒక్కటీ లేదు. 2004 ఫిబ్రవరిలో అమెరికాలో, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్‌కు అనుమతి వచ్చింది. వ్యాపించిన పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 813 మందిలో, కీమోథెరపీకి దాన్ని జోడిస్తే మధ్యస్థ ఆయుష్షు 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. ఆ కీమోలో ఉన్న ల్యూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లపు సంతతిదే. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ లింకును ఆమె ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయింది. నేనైతే అక్కడ ఆగేవాణ్ని.

ఆపరేషన్‌తో కణితి తీసేసిన రెండు, మూడు దశల రోగులకు అదే మందు ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని అందరూ ఆశించారు. వేలమందితో చేసిన రెండు పెద్ద ట్రయల్స్‌లోనూ ప్రయోజనం కనిపించలేదు. ఇంకా కంటికి ఆనని ఆ మిగులు కణాలు నాళాలను పిలిచే దశకే రాకపోయి ఉండవచ్చని ఆమె ఊహ. ఊహ అని చెప్పే రాసింది, అది నిజాయితీ. మందు ఎక్కించే ముందు నర్సు బీపీ ఎందుకు చూస్తుంది, మూత్రంలో ప్రొటీన్ ఎందుకు పరీక్షిస్తారు, పెద్ద ఆపరేషన్ తర్వాత కనీసం 28 రోజులు, గాయం పూర్తిగా మానేదాకా ఈ మందు ఎందుకు ఇవ్వరు అన్నవి కూడా విడమరిచింది. గాయం మానడానికీ, మూత్రపిండం వడపోతకూ అదే వీఈజీఎఫ్ కావాలి. ఆస్పత్రి వరండాలో కూర్చుని భయపడే కొడుకుకో కోడలికో ఈ నాలుగు పేజీలు ఇవ్వండి.

ఒక్క లోటు. మాక్రోఫేజులకు ఆమె ఇచ్చిన చోటు చాలదు. పేగులోని బాక్టీరియాతో వాటికున్న సంబంధాన్ని రెండు పేరాల్లో తేల్చేసింది. ఫ్యుసోబాక్టీరియం అనే బాక్టీరియా పెద్దపేగు కణితుల్లో కనిపించడం మీద గత పదేళ్లకు పైగా ఎంతో పని జరిగింది. దానికి విడి అధ్యాయం రాయమని, కాలేయపు అంచు ఫొటోలు రంగుల్లో వేయమని అడిగాను. రెండో ముద్రణలో రెండూ ఉంటాయని మాట ఇచ్చింది.