కొరివి మోసే గద్ద

బెంగళూరులో మాంసం కొట్ల మీద గిరికీలు కొట్టే గద్దను ఎవరూ తలెత్తి చూడరు. అదే జాతి గద్ద ఆస్ట్రేలియా ఉత్తరాన కకాడు అడవుల్లో గడ్డి తగలబడుతుంటే గుంపుగా వచ్చి వాలుతుంది. మంటకు బెదిరి బయటికి దూకే మిడతల్నీ బల్లుల్నీ తన్నుకుపోతుంది. అంతటితో ఊరుకోదు. కాలుతున్న పుల్లను ముక్కుతోనో గోళ్లతోనో పట్టుకెళ్లి, ఇంకా అంటుకోని ఎండుగడ్డి మీద పడేసి కొత్త మంట రాజేస్తుందని అక్కడి ఆదివాసులు తరతరాలుగా చెబుతున్నారు. వాళ్ల మాటలనూ, కళ్లారా చూసినవాళ్ల కథనాలనూ పోగుచేసి 2017లో ఒక పరిశోధనా పత్రం అచ్చయ్యాక గానీ బయటివాళ్లు ఆ సంగతిని పెద్దగా పట్టించుకోలేదు.

2022 సెప్టెంబరు నుంచి బెంగళూరులో విమానం ఎక్కితే నేరుగా సిడ్నీలో దిగొచ్చు. కంగారూ, కోలా, ఒపేరా హౌస్ ముందు ఫొటో చాలనుకుని వెనక్కి వచ్చేవాళ్లే మనలో ఎక్కువ. డార్విన్ మీదుగా కకాడు దాకా పోయినవాళ్లకు ఉబిర్ రాతిగుట్ట మీద వేరే దేశం కనిపిస్తుంది. అక్కడి రాతిబొమ్మల్లో చేపను లోపలి ముళ్లు కూడా కనబడేలా గీశారు. ఒకచోట చారల వేటజంతువు థైలసీన్ బొమ్మ ఉంది. ఆ జంతువు ప్రధాన భూభాగంలో అంతరించి మూడు వేల ఏళ్లు దాటింది. అంటే దాన్ని చూసినవాళ్లు గీసిన బొమ్మను మనం చూస్తున్నాం. దగ్గర్లోని మజెడ్‌బెబె రాతిపంచన తవ్వినవాళ్లు అక్కడ మనిషి జాడ 65 వేల ఏళ్ల నాటిదన్నారు.

అయినా నన్నడిగితే బొమ్మల కన్నా నిప్పు దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. అక్కడి బినింజ్ జనం ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కపెడతారు. వానలు వెనకబట్టి, చలిగాలి మొదలయ్యే కాలం, మే నుంచి జూన్ సగం దాకా, యెగ్గె. గడ్డి పైన ఎండుతూ మొదలు దగ్గర ఇంకా పచ్చిగా ఉంటుంది, నేల తడి ఆరదు. అప్పుడే అంటించాలి. పొద్దువాలాక పెట్టిన మంట రాత్రి మంచుకు దానంతటదే ఆరిపోవాలి. ఎత్తు మోకాలు దాటకూడదు. చెట్టు మీది పూత, పిందె, పిట్టగూడు మాడకూడదు. అడవంతా ఒకేసారి కాకుండా ఇక్కడో ముక్క అక్కడో ముక్క కాలుస్తారు కాబట్టి పాకే పురుగూ, పరిగెత్తే జంతువూ పక్కముక్కలోకి తప్పుకుంటాయి. కాలిన చోట కొన్నాళ్లకు లేతగడ్డి మొలిచి చిన్న కంగారూల్లాంటి వాలబీలు మేతకొస్తాయి. వేటా దగ్గరైనట్టే. ఎండుగడ్డిని కాల్చకుండా అక్టోబరు దాకా వదిలేస్తే ఒక్క పిడుగు చాలు, మంట కొమ్మల చివరికి ఎక్కి రోజుల తరబడి కాలుతుంది.

జరిగింది అదే. తెల్లవాళ్లు వచ్చాక జనం తమ నేల వదిలి క్రైస్తవ మిషన్లకూ పట్నాలకూ చేరారు. పెట్టేవాళ్లు లేక చిన్న మంటలు ఆగాయి, పెద్ద మంటలు పెరిగాయి. 2006లో కకాడు పక్కనున్న పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో ఆదివాసీ రేంజర్లు మళ్లీ ముందస్తు మంటలు పెట్టే పథకం మొదలైంది. పెద్ద మంటలు తగ్గడంతో తగ్గిన హరితగృహ వాయువులకు డార్విన్‌లోని ఒక గ్యాస్ కర్మాగారం డబ్బు కట్టింది. గ్యాస్ కంపెనీ దాతృత్వాన్ని నేను పెద్దగా నమ్మను. కానీ ఆ సొమ్ముతో పెద్దవాళ్లు తమ నేలకు తిరిగెళ్లి పిల్లలకు గాలివాటం చూడటం నేర్పే వీలు కలిగింది.

ఈ విద్య నేర్చుకోడానికి బెంగళూరువాళ్లు సముద్రం దాటక్కర్లేదు. దాదాపు 180 కిలోమీటర్ల దూరంలో బిళిగిరి రంగన బెట్ట ఉంది. అక్కడి సోలిగ గిరిజనులు గుడిలోని రంగనాథుణ్ణి బావ వరస పెట్టి పిలుస్తారు, తమ ఆడపిల్లను చేసుకున్నాడు కాబట్టి. వేసవి ముదరకముందే రాలిన ఆకుల్ని కాల్చే పద్ధతిని వాళ్లు ‘తరగు బెంకి’ అంటారు. ఆ చిన్న మంట లాంటానా అనే కలుపుమొక్క మొలకల్ని అణచివేసేదని, ఉసిరి చెట్టును పీల్చుకుతినే బదనికను అదుపులో పెట్టేదని పెద్దలు చెబుతారు. 1974లో ఆ కొండలు అభయారణ్యం అయ్యాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో నిప్పు పెట్టడం నేరం. మంటలు ఆగాక లాంటానా ఏపుగా పెరిగి ఏనుగు కూడా దూరలేని పొదలైంది. బెంగళూరులోని ఏట్రీ సంస్థ పరిశోధకులు ఏళ్ల తరబడి సోలిగలతో కలిసి నడిచి ఈ మార్పును నమోదు చేశారు.

అడవిలో పెట్టే ప్రతి నిప్పూ మంచిదని కాదు. 2019 ఫిబ్రవరిలో బందీపూర్ అడవి ఎలా కాలిందో చూశాం. ఎండిన పొదలు, గాలి, ఆలస్యం కలిస్తే ఎవరి విద్యా పనికిరాదు. తేడా నెలలోనూ, వేళలోనూ, పెట్టే చేతిలోనూ ఉంది. 2011లో బిళిగిరి పులుల అభయారణ్యంలోనే సోలిగలకు సామూహిక అటవీ హక్కులు దక్కాయి. తేనె, ఉసిరి సేకరించుకోవచ్చు. నిప్పు మాత్రం వాళ్ల చేతికి రాలేదు. ఆర్నెమ్ ల్యాండ్ రేంజరుకు మంట పెట్టినందుకు జీతమిస్తారు. ఇక్కడ వేసవి వస్తే అటవీశాఖ అడవిబిడ్డల్నే కూలికి పెట్టుకుంటుంది, మంటలు ఆర్పడానికి.