దాచని ఓటమి

అవయవ మార్పిడి అనగానే మన కళ్లముందు మెదిలేవి గ్రీన్ కారిడార్‌లో దూసుకెళ్లే అంబులెన్సు, తెల్లారేదాకా సాగిన ఆపరేషన్, మర్నాడు పేపర్లో ఫొటో. అవన్నీ నిజమే. అయితే మెడికల్ కాలేజీలో సర్జరీ పాఠం చెప్పుకునే నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆపరేషన్ అయ్యాక చేసే పని. ఎక్కడ రక్తం ఆగలేదు, రోగి ఎందుకు దక్కలేదు అన్నది ఉన్నదున్నట్టు రాసి తోటి డాక్టర్ల ముందు పెట్టడం. ఈ విద్య ఆ రాతల మీదే నిలబడింది. అమెరికన్ సర్జన్ థామస్ స్టార్జల్ జీవితం చదివినకొద్దీ నాకీ నమ్మకం బలపడుతోంది.

స్టార్జల్ 1926లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, లె మార్స్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఊరి పత్రిక నడిపేవారు. తల్లి నర్సు. ఇద్దరి పనీ ఆయనలో కలిసింది. 1958లో షికాగోలో కుక్కల మీద కాలేయ మార్పిడి ప్రయోగాలు మొదలుపెట్టి, ఆ తర్వాత డెన్వర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చేరారు. 1963 మార్చి 1న ప్రపంచంలో తొలిసారి మనిషికి కాలేయ మార్పిడి చేశారు. రోగి మూడేళ్ల పిల్లాడు. పుట్టుకతోనే పిత్తనాళాలు మూసుకుపోయిన జబ్బు. ఆ బిడ్డ రక్తస్రావంతో ఆపరేషన్ టేబుల్ మీదే చనిపోయాడు.

ఎందుకలా జరిగిందో అర్థమైతేనే ఈ పని ఎంత కష్టమో తెలుస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లలో చాలావాటిని తయారుచేసేది కాలేయమే. అది పాడైతే రక్తానికి గడ్డకట్టే గుణం తగ్గిపోతుంది. పైగా గట్టిపడిన కాలేయం గుండా పోలేని రక్తం చుట్టుపక్కల సిరల్లోకి మళ్లి వాటిని ఉబ్బిస్తుంది. కత్తి పెట్టిన ప్రతిచోటా రక్తం చిమ్ముతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో ఈ చిక్కు ఎదురు కాలేదు.

అందుకని తర్వాతి రోగులకు రక్తం గడ్డకట్టడానికి మందులు ఎక్కించారు. రక్తస్రావం అదుపులోకి వచ్చింది. కానీ కాలేయం తీసేసి కొత్తది అతికేలోగా రక్తాన్ని మళ్లించే ప్లాస్టిక్ గొట్టాల్లో గడ్డలు కట్టి, అవి ఊపిరితిత్తుల్లోకి చేరాయి. రెండో రోగి 22 రోజులు బతికాడు. మొదటి చావు నేర్పిన పాఠమే రెండో చావుకు దారితీసింది. స్టార్జల్ ఇదంతా అదే ఏడాది డిసెంబరులో పత్రంగా ప్రచురించారు. అందులోని ముగ్గురు రోగుల్లో ఒక్కరూ బతికి లేరు. గెలుపు ఒక్కటీ లేని ఆ పత్రాన్ని మా పీజీలందరితో చదివించాలని నా కోరిక.

డెన్వర్‌తో పాటు బోస్టన్, పారిస్‌లలో చేసినవీ విఫలమయ్యాక ఆయన కాలేయ మార్పిడి ఆపేశారు. మూడేళ్లకు పైగా మళ్లీ ఆ జోలికి పోలేదు. ఊరికే కూర్చోలేదు. కిడ్నీ మార్పిడి రోగుల్లో అజాథయోప్రిన్‌కు స్టెరాయిడ్ జోడించి, శరీరం కొత్త అవయవాన్ని తిప్పికొట్టడం మొదలుపెట్టినా దాన్ని మళ్లీ దారికి తేవచ్చని అప్పటికే చూపించి ఉన్నారు. ఈ విరామంలో గుర్రాల రక్తం నుంచి ఆ తిరుగుబాటును అణచే మందు తయారుచేయించారు. 1967 జూలైలో కాలేయ కేన్సర్ ఉన్న, ఏడాదిన్నర దాటిన ఒక పాపకు కాలేయం మార్చారు. ఆ పాప ఏడాదికి పైగా బతికింది. ఆమెను చివరికి తీసుకుపోయింది తిరగబెట్టిన కేన్సర్. చెయ్యగలిగిన చెయ్యి ఆగడం ఎంత కష్టమో సర్జన్లకు తెలుసు. ఆ ఆగడమే ఆయన చేసిన అతి పెద్ద ఆపరేషన్ అంటాను నేను.

ఒకరి నిజాయితీ ఇంకొకరికి దారి చూపడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో సర్జన్ రాయ్ కాన్ 1978లో, కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందును తొలిసారి రోగులకు వాడారు. అవయవం నిలిచింది గానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరికి లింఫోమా అనే కేన్సర్ వచ్చింది. ఆయన అదీ దాచకుండా రాశారు. చాలామంది వెనక్కి తగ్గారు. స్టార్జల్ మాత్రం మందు మోతాదుతో పాటు స్టెరాయిడ్‌ను సర్ది చూశారు. 1980లో ఆ పద్ధతిలో చికిత్స పొందిన తొలి 12 మంది కాలేయ రోగుల్లో 11 మంది ఏడాది దాటారు. అంతకుముందు ఏడాది బతికేది ముగ్గురిలో ఒక్కరే. 1981లో పిట్స్‌బర్గ్ వెళ్లి ఎందరికో ఈ విద్య నేర్పారు. 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన టాక్రోలిమస్ మందును 1989లో తొలిసారి రోగులకు ఇచ్చిందీ పిట్స్‌బర్గ్‌లోనే. ఇవాళ మన ఊళ్లలో కిడ్నీ, కాలేయం మార్పించుకున్నవాళ్లు పొద్దునా రాత్రీ వేళ తప్పకుండా వేసుకునే మాత్ర అదే.

ఇంత చేసిన మనిషికి ఆపరేషన్ ముందు గుండెల్లో దడే. చిన్న ఆపరేషన్‌కైనా ముందు పుస్తకాలు తిరగేసేవాడినని, రోగి నమ్మకాన్ని నిలబెట్టలేనేమోనన్న భయం వెంటాడేదని 1992లో వచ్చిన తన ఆత్మకథ ‘ద పజిల్ పీపుల్’లో రాసుకున్నారు. 1991లో కత్తి పక్కనపెట్టాక, దశాబ్దాల కిందట తాను బతికించినవాళ్లను పిలిపించి పరీక్షించారు. దాత కణాలు వాళ్ల చర్మంలో, రక్తంలో ఇంకా కలిసి బతుకుతున్నట్టు తేలింది. రోగిని ఇంటికి పంపాక మరచిపోయే డాక్టరుకు ఇది ఎన్నటికీ దొరికే సత్యం కాదు.

మన దేశంలో అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. 1998లో ఢిల్లీ అపోలోలో విజయవంతమైన తొలి కాలేయ మార్పిడి జరిగింది. తండ్రి కాలేయంలో ముక్క తీసి పసివాడికి అమర్చారు. ఆ బిడ్డదీ డెన్వర్ పిల్లాడి జబ్బే. ముప్ఫై అయిదేళ్ల రాతలు ఆ రెండు టేబుళ్ల మధ్య ఉన్నాయి. తెలుగు నేల మీద జీవన్‌దాన్ అవయవదాన పథకం 2013లో మొదలైంది. బ్రెయిన్ డెడ్ అయిన బిడ్డ మంచం పక్క నిలబడి, ఏడుస్తూనే సంతకం పెట్టే తల్లిదండ్రుల వల్ల ఇక్కడ ఎందరో బతుకుతున్నారు.

“మేడమ్, ట్రాన్స్‌ప్లాంట్ నేర్చుకోవడానికి వెళ్దామనుకుంటున్నా” అని పీజీలు అడిగినప్పుడు నేను చెప్పేది ఒకటే. కుట్టు వెయ్యడం ఎవరైనా నేర్పుతారమ్మా, దక్కని రోగి గురించి రాయడం ఎక్కడ నేర్పుతారో అక్కడికి వెళ్లు. కళ్ల ఎదుట కోలుకున్నవాళ్లను ఏడాదికీ, అయిదేళ్లకీ, ఇరవై ఏళ్లకీ వెతికి పలకరించే డిపార్ట్‌మెంట్ ఏదో చూసుకో. అమెరికాలో ప్రతి మార్పిడి కేంద్రంలోనూ ఎంతమంది రోగులు ఏడాది దాటి బతికారో ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గరా ప్రతి ఆసుపత్రీ ఆ లెక్క ప్రజల ముందు పెట్టాలి.

ఇది ఆసుపత్రి పేరు ప్రతిష్ఠలకు సంబంధించిన విషయం కాదు. మిగతా సర్జరీలో రోగికీ డాక్టరుకీ మధ్యే నడిచే వ్యవహారం, ఇక్కడ మూడో ఇంటిదాకా వెళ్తుంది. ఆ ఇంటివాళ్లు తమ మనిషి కాలేయాన్ని, కిడ్నీలను పైసా ఆశించకుండా మన చేతుల్లో పెట్టారు. వాటితో ఏం చేశామో, ఏం చెయ్యలేకపోయామో చెప్పే బాధ్యత వాళ్లు అడిగినా అడగకపోయినా మనదే.